బ్రౌజర్ నెమ్మదించడం, ప్రకటనలు వెంటపడటం: చాలామటుకు ఒకటే జబ్బు

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. విండోస్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, క్రోమ్. ఎప్పుడు చూసినా నలభై ట్యాబులు తెరిచే ఉంటాయి. మధ్యాహ్నానికల్లా ఫ్యాను గోల మొదలవుతుంది, టైప్ చేసిన అక్షరం సెకను ఆగి పడుతుంది. బ్రౌజర్ దాచుకునే క్యాష్, కుకీలు రోజూ రాత్రి తుడిచేస్తున్నారు. ఎక్స్‌టెన్షన్లంటే బ్రౌజర్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాములు; వాటిలో స్పీడ్ పెంచుతామన్నది ఒకటి, ప్రైవసీ కాపాడతామన్నవి మూడు, ఇంకా ఏవేవో కలిపి తొమ్మిది పెట్టుకున్నారు. అయినా ఒకసారి కుర్చీ కోసం వెతికితే వారం రోజులపాటు ఏ సైటు తెరిచినా అదే కుర్చీ. చరిత్ర దాచుకోని ఇన్‌కాగ్నిటో కిటికీలో వెతికినా అంతే. బ్రౌజర్ మారిస్తే పోతుందా అన్నది మీ ప్రశ్న.

బ్రౌజర్ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఒక్క మాట. మీరు దీన్ని రెండు సమస్యలుగా చూస్తున్నారు: నెమ్మది ఒకటి, నిఘా ఒకటి. ఒక్కోదానికి ఒక్కో ఎక్స్‌టెన్షన్ తగిలించారు. చాలా ఏళ్లుగా ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. నేను చూసినంతలో ఈ రెండూ చాలామటుకు ఒకటే. మీ పేజీని బరువెక్కించేదీ మిమ్మల్ని వెంటాడేదీ ఒకే స్క్రిప్టు, అంటే పేజీతో పాటు వచ్చి నడిచే చిన్న ప్రోగ్రాము. వెంటాడేవాటిని ట్రాకర్లంటారు. దాన్ని గుమ్మం దగ్గరే ఆపితే రెండు పనులూ అవుతాయి. 2015లో ఫైర్‌ఫాక్స్ ట్రాకింగ్ ప్రొటెక్షన్ మీద వచ్చిన పరిశోధన పత్రంలో, 200 ప్రముఖ వార్తా సైట్లను ట్రాకర్లు ఆపి తెరిస్తే పేజీ లోడయ్యే సమయం మధ్యస్థంగా 44 శాతం తగ్గిందనీ, డేటా వాడకం 39 శాతం తగ్గిందనీ తేలింది. ఏ స్పీడ్ బూస్టరూ ఇంత ఇవ్వదు.

నమ్మకం కుదరకపోతే మీ కంప్యూటర్లోనే చూడండి. ఫ్యాను మోగుతున్నప్పుడే, ట్యాబులేవీ మూయకుండా, క్రోమ్‌లో షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ నొక్కండి. క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. విండోస్‌ది వేరు, ఇది వేరు. విండోస్‌ది క్రోమ్ అన్న పేరే ముప్పైసార్లు చూపించి ఊరుకుంటుంది, ఇది ఏ లైను ఎవరిదో చెప్తుంది. ఎడ్జ్‌లో కూడా ఇదే మీట. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అడ్రస్ బార్‌లో ఎబౌట్, కోలన్, ప్రాసెసెస్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. మెమరీ ఫుట్‌ప్రింట్ అన్న తలకట్టు మీద క్లిక్ చేస్తే పెద్దవి పైకి వస్తాయి. ఓ రెండు నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చోండి. తర్వాత సీపీయూ తలకట్టు మీద క్లిక్ చేసి మళ్లీ చూడండి.

ఏం కనిపిస్తుందో ముందే చెప్తాను. ట్యాబ్ అని మొదలయ్యే లైన్లు మీకు తెలిసినవే. వాటి మధ్యలో సబ్‌ఫ్రేమ్ అని కొన్ని లైన్లుంటాయి, పక్కన మీరు జన్మలో తెరవని సైట్ల పేర్లు. అవి మీరు తెరిచిన పేజీలో వేరేవాళ్లు అద్దెకుంటున్న గదులు. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడింది. ప్రాసెస్ అంటే కంప్యూటర్ తన మెమరీతో విడిగా నడిపే పని; ఒకే ప్రాసెస్‌లో ఉన్న సైటు ఇంకో సైటు మెమరీని పసిగట్టే వీలుంటుందని తేలింది. అదే ఏడాది క్రోమ్ 67తో సైట్ ఐసొలేషన్‌ను డెస్క్‌టాప్‌లో అందరికీ ఆన్ చేశారు. అంటే ఏ సైటుకా సైటు వేరే ప్రాసెస్. పేజీలో ఇరికించిన ఫ్రేమ్ వేరే సైటుదైతే దానికీ వేరే ప్రాసెసే. దీనివల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగులే అప్పట్లో చెప్పింది. ఇది భద్రత కోసం కట్టే మూల్యం, కట్టాల్సిందే. ర్యామ్ మిగుల్తుందని ఎవరో చెప్పారని దీన్ని ఆపెయ్యకండి. ఆ ఫ్రేముల్లో సగం ప్రకటనలవీ ట్రాకర్లవీ అయినప్పుడు వాటిని అసలు రానివ్వకపోతే చాలు, ఆ ప్రాసెస్‌లు పుట్టనే పుట్టవు.

ఇక అదే జాబితాలో ఎక్స్‌టెన్షన్ అని మొదలయ్యే లైన్లు చూడండి. అసలు కథ తరచూ ఇక్కడే ఉంటుంది.

ఒకసారి లెక్కలు చూసే సహోద్యోగి తన కంప్యూటర్ పని అయిపోయిందని, కొత్తది కొనమని పట్టుబట్టారు. వెళ్లి కూర్చుని ట్యాబులన్నీ మూసి ఖాళీ పేజీ ఒక్కటే ఉంచాను. ఫ్యాను ఆగలేదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే, ఖాళీ పేజీ పక్కన సున్నా. కింద డిస్కౌంట్ కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్ ఒకటి, దాని సీపీయూ అంకె 60కీ 80కీ మధ్య ఊగుతోంది. ఎప్పుడు పెట్టుకున్నారని అడిగితే ఆయనకే గుర్తు లేదు. ఆ లైను మీద క్లిక్ చేసి ఎండ్ ప్రాసెస్ నొక్కాను. నాలుగైదు సెకన్లకు ఫ్యాను చప్పుడు తగ్గింది. ఆయన నా వంక చూశారు, నేను ఆ ఎక్స్‌టెన్షన్ అనుమతుల పేజీ చూపించాను: అన్ని వెబ్‌సైట్లలోనూ మీ డేటా మొత్తాన్ని చదవగలదు, మార్చగలదు. అన్ని అంటే బ్యాంకు పేజీ కూడా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, అలాంటిదిది. మీరే లోపలికి పిలిచి కూర్చోబెట్టినవాణ్ణి బ్రౌజర్ ప్రైవసీ సెట్టింగ్ ఏదీ ఆపదు.

స్పీడ్ పెంచే ఎక్స్‌టెన్షన్ల మీద నాకున్న అనుమానం ఊరికే పుట్టింది కాదు. ద గ్రేట్ సస్పెండర్ అని ఒకటి ఉండేది. వాడని ట్యాబులను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చేది. మంచి ఎక్స్‌టెన్షన్, లక్షలమంది వాడారు, నేను కూడా పదిమందికి చెప్పి పెట్టించాను. 2020లో దాన్ని తయారుచేసినాయన వేరేవాళ్లకు అమ్మేశారు. కొన్నవాళ్లెవరో సరిగా తెలియదు. ఎక్స్‌టెన్షన్లు మనల్ని అడక్కుండా అప్‌డేట్ అవుతాయి కాబట్టి కొత్త యజమాని కోడ్ పాత నమ్మకం మీదే అందరి కంప్యూటర్లలోకీ వచ్చేసింది. చివరికి 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్ అని స్టోర్ నుంచి తీసేసి, అందరి బ్రౌజర్లలోనూ ఆపేసింది. అప్పటి నుంచి నాకో అలవాటైంది. కొత్త ఎక్స్‌టెన్షన్ పెట్టేముందు ఇది చేసే పని బ్రౌజర్ తనంతట తాను చేస్తుందా అని చూస్తాను. ఇప్పుడు చాలామటుకు చేస్తుంది.

ట్యాబులను నిద్రపుచ్చే పని క్రోమ్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ పేజీలో మెమరీ సేవర్. 2022 చివర్లో క్రోమ్ 108తో వచ్చింది. మోడరేట్, బ్యాలెన్స్‌డ్, మ్యాగ్జిమమ్ అని మెట్లుంటాయి. 8 జీబీకి బ్యాలెన్స్‌డ్ చాలు. మ్యాగ్జిమమ్ పెడితే ట్యాబుకి తిరిగి వెళ్లిన ప్రతిసారీ పేజీ మళ్లీ లోడవుతుంది, అదో చిరాకు. పాట మోగుతున్న ట్యాబు, సగం నింపిన ఫారం, డౌన్‌లోడ్ నడుస్తున్నది, పిన్ చేసినది, వీటి జోలికి సాధారణంగా వెళ్లదు. ఆఫీసు చాట్‌లాంటివి నిద్రపోకూడదనుకుంటే అదే పేజీలో ఎప్పుడూ మెలకువగా ఉంచే సైట్ల జాబితా ఉంటుంది, అందులో చేర్చండి. ఎడ్జ్‌లో దీన్నే స్లీపింగ్ ట్యాబ్స్ అంటారు, 2021 నుంచి ఉంది. ఫైర్‌ఫాక్స్ మెమరీ బాగా తగ్గినప్పుడు పాత ట్యాబులను తనే దించేస్తుంది.

నలభై ట్యాబుల గురించి నేను ఉపన్యాసం ఇవ్వను. నా దగ్గరా ఇప్పుడు ఇరవై పైనే ఉన్నాయి. నిద్రపోతున్న ట్యాబు దాదాపు ఏమీ తినదు. తినేవి మెలకువగా ఉన్న ఐదారే. వాటిలో కూడా తనంతట తాను రిఫ్రెష్ అయ్యే వార్తల పేజీ, ఆడియో ఆపి వదిలేసిన వీడియో పేజీ అసలు దోషులు. సీపీయూ వరస చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో విషయం. మెమరీ అంకె పెద్దగా ఉన్నంత మాత్రాన కంగారు పడకండి. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు కాబట్టి బ్రౌజర్ దొరికినంత వాడుకుంటుంది. కంగారు పడాల్సింది ర్యామ్ నిండిపోయి విండోస్ డిస్కుని ర్యామ్‌లా వాడటం మొదలెట్టినప్పుడు. అక్షరం సెకను ఆగి పడుతోందన్నారే, అది చాలావరకు దీని లక్షణమే. ర్యామ్ ఎంత వేగంగా పలుకుతుందో డిస్కు అంత వేగంగా పలకలేదు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్ పేజీలో రెండున్నాయి, చూసి వచ్చేయండి. క్రోమ్ మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడవనిచ్చేది ఆపెయ్యండి. గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. వీడియోలు తడబడుతుంటేనో తెర మిణుకుమంటుంటేనో ఒకసారి ఆపి చూడొచ్చు, అప్పుడు తేడా కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ పాతబడి ఉండొచ్చు.

రోజూ క్యాష్ తుడవడం మానెయ్యండి. ఇది మీరు వేగం కోసం చేస్తున్నారు, జరుగుతున్నది దానికి విరుద్ధం. క్యాష్ అంటే నిన్న తెచ్చుకున్న బొమ్మలూ ఫాంట్లూ స్క్రిప్టులూ ఇవాళ మళ్లీ నెట్ నుంచి తేకుండా దాచుకున్న మూట. రాత్రి మూట తగలబెట్టి పొద్దున్నే అంతా కొత్తగా మోసుకొస్తున్నారు. ఒక సైటు విరిగిపోయి కనిపిస్తే ఆ ఒక్క సైటు క్యాష్ తుడవండి, అంతే. క్యాష్‌ని చూసి సైట్లు మన జాడ పట్టేవన్నది ఒకప్పుడు నిజమే. ఒక సైటులో దాచిన బొమ్మ ఇంకో సైటులో చటుక్కున తెరుచుకుంటే మీరు ముందు అక్కడికి వెళ్లారని ట్రాకర్ పోల్చుకునేది. ఇప్పుడు ఏ సైటు క్యాష్ ఆ సైటుకే విడిగా ఉంటోంది. యాపిల్ వాళ్ల సఫారీ 2013లోనే మొదలెట్టింది, క్రోమ్ 2020లో 86వ వెర్షన్‌తో, ఫైర్‌ఫాక్స్ 2021 జనవరిలో 85తో అటు వచ్చాయి.

కుకీలు రోజూ తుడవడంలో ఇంకో తమాషా ఉంది. కుకీల అనుమతి అడిగే బోర్డు మీద మీరు వద్దు అని నొక్కితే, ఆ వద్దు అన్న మాటను కూడా సైటు సాధారణంగా కుకీలోనే రాసుకుంటుంది. మీరు రాత్రి దాన్నీ తుడిచేస్తారు. పొద్దున బోర్డు మళ్లీ లేస్తుంది, విసిగి విసిగి ఏదో ఒకరోజు సరే అని నొక్కేస్తారు. పైగా మీ లాగిన్లన్నీ పోతాయి, కొత్త మనిషి వచ్చాడనుకుని సైటు ఓటీపీ అడుగుతుంది. ట్రాకర్ మాత్రం మర్నాడు మొదటి పేజీలోనే కొత్త కుకీ పెట్టేసుకుంటుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పెట్టనివ్వకుండా ఉంటే సరిపోతుంది.

పెట్టనివ్వకపోవడం ఎలాగో తెలియాలంటే కుకీ సంగతి రెండు ముక్కలు తెలియాలి. వెబ్ సర్వర్‌కి జ్ఞాపకం లేదు, మీరు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్తే మళ్లీ కొత్త మనిషే. ఆ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీ కుకీని కనిపెట్టారు. సైటు మీ బ్రౌజర్‌కి ఒక చీటీ ఇస్తుంది, వచ్చిన ప్రతిసారీ బ్రౌజర్ అది చూపిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఒకే ప్రకటనల కంపెనీ వాళ్ల ముక్క వెయ్యి సైట్లలో ఉందనుకోండి. కుర్చీల సైటులో ఆ ముక్క మీకు చీటీ ఇస్తుంది. వంటల సైటులో ఉన్న అదే ముక్కకి మీ బ్రౌజర్ అదే చీటీ చూపిస్తుంది. ఓహో, కుర్చీ చూసినాయన వచ్చాడు అని దానికి తెలిసిపోతుంది. థర్డ్ పార్టీ కుకీ అంటే ఇదే, మీ కుర్చీ కథ మొదలయ్యేదీ ఇక్కడే.

సఫారీ 2020 మార్చిలో వీటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెలిసిన ట్రాకర్ల కుకీలను ఆపడం మొదలుపెట్టి, 2022 జూన్‌లో ఇంకో అడుగు వేసింది: సైటుకో డబ్బా. వంటల సైటులో ఇచ్చిన చీటీ వంటల డబ్బాలోనే ఉంటుంది, కుర్చీల సైటులో కనపడదు. దీని గొప్పతనం ఏమిటంటే సైట్లు విరగడం బాగా తక్కువ. ఇక క్రోమ్. రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో ప్రకటించారు, వాయిదా మీద వాయిదా వేశారు, 2024 జులైలో ఆ ఆలోచనే విరమించుకున్నారు. 2025 ఏప్రిల్‌లో, ఈ కుకీలు కావాలా అని వాడేవాళ్లను కనీసం ఒక ప్రశ్న వేసి అడగడం కూడా ఉండదన్నారు. ప్రకటనల మీద బతికే కంపెనీ తయారుచేసే బ్రౌజర్ అది. తప్పుపట్టి లాభం లేదు, తెలిసి వాడుకోవాలి. కాబట్టి క్రోమ్‌లో ఇది మీ చేత్తో మీరే ఆపాలి: సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, థర్డ్ పార్టీ కుకీస్, బ్లాక్. యాడ్ ప్రైవసీ అన్న పేజీ మీ వెర్షన్లో ఇంకా కనిపిస్తుంటే అందులోవన్నీ ఆఫ్ చెయ్యండి.

ఆపాక ఎప్పుడో ఒకసారి ఏదో సైటులో లాగిన్ కుదరదు, లేదా డబ్బు కట్టే పేజీ తెల్లగా నిలబడిపోతుంది. అప్పుడు సెట్టింగ్ మొత్తం వెనక్కి తిప్పేస్తారు చాలామంది. అలా చేయకండి. క్రోమ్‌లో అడ్రస్ బార్ కుడిచివర కన్ను బొమ్మ, ఫైర్‌ఫాక్స్‌లో ఎడమవైపు డాలు బొమ్మ ఉంటాయి. దాని మీద నొక్కి ఆ ఒక్క సైటుకే సడలించండి. తాళం పట్టుకున్న ఒక్క తలుపు కోసం ఇల్లంతా తెరిచి పెట్టక్కర్లేదు.

రెండో పని, ప్రకటనలనూ ట్రాకర్లనూ ఆపే బ్లాకర్ ఒకే ఒక్కటి. మీ దగ్గర మూడున్నాయి. పేజీ బయటికి పంపే ప్రతి రిక్వెస్టునీ మూడూ ఆపి చూస్తుంటే పని మూడింతలు, పైగా ఒకటి వదిలింది ఇంకోటి ఆపితే సైటు ఎందుకు విరిగిందో మీకే అర్థం కాదు. నా ఎంపిక యూబ్లాక్ ఆరిజిన్. అయితే క్రోమ్‌లో దాని కథ మారింది. మేనిఫెస్ట్ వీ3 అని ఎక్స్‌టెన్షన్లకు కొత్త నియమావళి తెచ్చారు. పాత పద్ధతిలో ఎక్స్‌టెన్షన్ ప్రతి రిక్వెస్టునీ తనే చూసి ఆపేది. కొత్తదానిలో ఏం ఆపాలో ముందే రాసిచ్చేయాలి, ఆపే పని బ్రౌజర్ చూసుకుంటుంది. దీనివల్ల దొంగ ఎక్స్‌టెన్షన్ చేతికి అంత సమాచారం వెళ్లదన్న మాట నిజం. మంచి బ్లాకర్ చేతులు కట్టేసినట్టయిందన్న మాట కూడా నిజం. 2025 మధ్యకల్లా క్రోమ్‌లో పాత యూబ్లాక్ ఆరిజిన్ పూర్తిగా ఆగిపోయింది. దాని బదులు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది, మామూలు వాడకానికి బాగానే పనిచేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ యథావిధిగా నడుస్తోంది. స్టోర్‌లో వెతికేటప్పుడు పేరు సరిచూసుకోండి, దాదాపు అదే పేరుతో వేరేవి ఉంటాయి.

ఇప్పుడు ఇన్‌కాగ్నిటో. ఇది మీ ఇంట్లోవాళ్ల కంట పడకుండా ఉండటానికి, అంతవరకే. కిటికీలన్నీ మూశాక ఆ చరిత్ర, ఆ కుకీలు మీ కంప్యూటర్లో మిగలవు. కిటికీలన్నీ అన్నాను, గమనించండి. ఒక్క ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి ఉన్నా పాత సెషనే కొనసాగుతుంది. అవతలి సైటుకి మీ ఐపీ అడ్రస్, అంటే మీ నెట్ కనెక్షన్ చిరునామా, కనిపిస్తూనే ఉంటుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకున్నట్టు ఉంటుంది మన వ్యవహారం. ఈ అపోహ మీద అమెరికాలో 2020లో గూగుల్ మీద దావా పడింది. 2024లో రాజీకి వచ్చి, పోగైన సమాచారాన్ని చెరిపేయడానికి ఒప్పుకున్నారు. ఇన్‌కాగ్నిటో తెరవగానే కనిపించే హెచ్చరిక వాక్యాలను కూడా అప్పుడే మార్చారు.

మరి ఇన్‌కాగ్నిటోలో థర్డ్ పార్టీ కుకీలు మామూలుగా ఆగిపోయే ఉంటాయి కదా, కుర్చీ ఎలా వచ్చింది? నా ఊహ, మీరు ఆ కిటికీలోనే ఆ దుకాణం సైటులోకి లాగిన్ అయ్యుంటారు. అప్పుడిక కుకీలతో పనిలేదు. చాలా దుకాణాలు మీ ఈమెయిల్‌ని హ్యాష్ అనే గుర్తుగా మార్చి ప్రకటనల కంపెనీకి పంపుతాయి. అక్కడ మీరు అదే ఈమెయిల్‌తో లాగిన్ అయి ఉంటే రెండు గుర్తులూ సరిపోతాయి, కుర్చీ మీ ముందుకొస్తుంది. ఏ బ్రౌజర్ సెట్టింగూ దీన్ని పట్టుకోదు. చూడటానికే వెళ్తే లాగిన్ అవ్వకుండా చూడటం, లేదంటే దుకాణాలకు వేరే ఈమెయిల్ వాడటం, ఇవే దారులు. సోషల్ మీడియా లాగిన్లను ఒక ప్రొఫైల్‌లో, మిగతా తిరుగుడంతా ఇంకో ప్రొఫైల్‌లో పెట్టుకోవడం నాకు బాగా పనికొచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో మల్టీ అకౌంట్ కంటైనర్స్ అని ఆ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్లదే ఎక్స్‌టెన్షన్ ఉంది, ఒకే కిటికీలో ట్యాబుకో రంగుతో ఈ పని జరిగిపోతుంది. గూగుల్ ఖాతాలో అయితే యాక్టివిటీ పేజీకి వెళ్లి 3 నెలలకోసారి దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోండి. 18, 36 నెలలన్న ఎంపికలు కూడా ఉంటాయి, 3 తీసుకోండి.

ఫింగర్‌ప్రింటింగ్ గురించి మీరు అడగలేదు. కానీ మీ తొమ్మిది ఎక్స్‌టెన్షన్లకీ దానికీ సంబంధం ఉంది కాబట్టి చెప్పాలి. కుకీ లేకుండానే మీ తెర కొలత, ఫాంట్లు, టైమ్ జోన్, గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీసే తీరు, ఇలాంటివన్నీ కలిపి మిమ్మల్ని గుర్తుపట్టడం అది. నెట్‌లో జనం హక్కుల కోసం పనిచేసే ఈఎఫ్‌ఎఫ్ సంస్థ 2010లో పెట్టిన పానోప్టిక్లిక్ అనే ప్రయోగంలో, అక్కడికి వచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతం ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా దొరికిపోయాయి. ఇప్పుడదే పరీక్ష కవర్ యువర్ ట్రాక్స్ అన్న పేరుతో ఉంది, మీ బ్రౌజర్‌తో ఒకసారి వెళ్లి చూడండి. ఇక్కడ తిరకాసు ఏమిటంటే, దాక్కోవాలని మీరు ఎన్ని వింత మార్పులు చేస్తే గుంపులో అంత ప్రత్యేకంగా కనపడతారు. ఎక్స్‌టెన్షన్లలో కొన్నిటి ఉనికిని సైట్లు పసిగట్టగలవు. ఎవరో రాసిన జాబితా చూసి ఫైర్‌ఫాక్స్ కాన్ఫిగ్ పేజీలో యాభై మార్పులు చేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఒక రోజు వీడియో కాల్‌లో నా గొంతు ఎవరికీ వినపడలేదు. మైకు మార్చాను, కేబుల్ మార్చాను, అవతలివాళ్లను విసిగించాను. చివరికి ఆర్నెల్ల కిందట నేనే ఆపేసిన ఒక లైను దొరికింది. అది ఎందుకు ఆపానో నాకే గుర్తు లేదు. ఇప్పుడు నా ఫైర్‌ఫాక్స్‌లో ట్రాకింగ్ ప్రొటెక్షన్ స్ట్రిక్ట్‌లో ఉంది, ఒక బ్లాకర్ ఉంది, అంతే.

నన్ను వెంటాడొద్దని సైట్లకు చెప్పే డూ నాట్ ట్రాక్ స్విచ్ ఆన్ చేశానన్నారు. అది కేవలం విన్నపం, వినాలన్న నియమం ఎవరికీ లేదు, విన్నవాళ్లూ పెద్దగా లేరు. పైగా అది ఆన్‌లో ఉండటమే ఒక గుర్తు అవుతుందని సఫారీ 2019లోనే తీసేసింది, ఫైర్‌ఫాక్స్ 2025లో తీసేసింది. దాని తర్వాత వచ్చిన గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్‌కి, అంటే నా సమాచారం అమ్మొద్దని సైట్లకు చెప్పే స్విచ్‌కి, కాలిఫోర్నియాలాంటి చోట్ల చట్టం బలం ఉంది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో కనపడితే టిక్ పెట్టండి, పోయేదేం లేదు.

మీ నెట్‌ని ఇంకో సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్ కొనాలా అన్నారు. ఈ సమస్యకైతే వద్దు. అది ఐపీ అడ్రస్ మారుస్తుంది, మీ కుకీలనూ లాగిన్లనూ తాకదు. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని నెట్ చిరునామా వెతికిపెట్టే సేవ. సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్ చేసుకోవచ్చు, మీరు ఏ సైటు పేరు వెతికారో దారిలో వాళ్లు సులువుగా చూడలేరు. కానీ ఆ పేర్లన్నీ ఇక డీఎన్ఎస్ నడిపేవాళ్లకు తెలుస్తాయి, అదొకటి గుర్తుపెట్టుకోండి.

వేగమూ ప్రైవసీ నిజంగా ఢీకొనే చోటు ఒకటుంది, క్రోమ్ పెర్ఫార్మెన్స్ పేజీలో ప్రీలోడ్ పేజెస్. మీరు నొక్కబోయే లింకుని ముందే ఊహించి పేజీ తెచ్చి పెడుతుంది. తెరుచుకోవడం చురుగ్గానే ఉంటుంది, కానీ మీరు వెళ్లని సైటుకి కూడా మీ తరఫున కబురు వెళ్లిపోవచ్చు. ఎక్స్‌టెండెడ్ మాత్రం పెట్టుకోకండి. 8 జీబీ ర్యామ్‌లో అయితే నేను పూర్తిగా ఆపేస్తాను. అలాగే అడ్రస్ బార్‌లో మీరు కొట్టే ప్రతి అక్షరం సూచనల కోసం సెర్చ్ ఇంజిన్‌కి వెళ్తుంది. ఎంటర్ కొట్టకపోయినా వెళ్తుంది. అది నచ్చకపోతే ఇంప్రూవ్ సెర్చ్ సజెషన్స్ అన్నది ఆపండి. నోటిఫికేషన్ల అనుమతి ఇచ్చిన సైట్ల జాబితా కూడా ఒకసారి తెరిచి చూడండి, ఎప్పుడు సరే అన్నారో తెలియనివి బోలెడు బయటపడతాయి.

ఫోన్లో సంగతి క్లుప్తంగా. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు, ఫైర్‌ఫాక్స్‌లో ఉంటాయి, యూబ్లాక్ ఆరిజిన్ కూడా నడుస్తుంది. ఐఫోన్లో సఫారీయే బాగు, క్రాస్ సైట్ ట్రాకింగ్ ఆపే స్విచ్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. రెండిట్లోనూ గుర్తుంచుకోవాల్సింది: సోషల్ మీడియా యాప్‌లో లింకు నొక్కితే అది తరచూ ఆ యాప్ లోపలి బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది, అక్కడ మీరు పెట్టుకున్న బ్లాకర్ సాధారణంగా పనిచేయదు. మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్లో తెరవండి.

ఇక బ్రౌజర్ మార్చాలా? ముందు క్రోమ్‌లోనే ఒక వారం ఇలా చూడండి. తొమ్మిది ఎక్స్‌టెన్షన్లూ తీసెయ్యండి. ఆపడం కాదు, తీసెయ్యడం. ఒక్క బ్లాకర్ పెట్టండి, పాస్‌వర్డ్ మేనేజర్ వాడుతుంటే అదొకటి. థర్డ్ పార్టీ కుకీలు బ్లాక్, మెమరీ సేవర్ బ్యాలెన్స్‌డ్. రాత్రి తుడుపు బంద్, కానీ ఒక్కసారి మాత్రం, మొదటి రోజున, అంతా తుడిచి మొదలుపెట్టండి. వారంలో ఏదైనా ఎక్స్‌టెన్షన్ లేక చెయ్యి ఆడకపోతే అదొక్కటే తిరిగి పెట్టుకోండి. తొమ్మిదిలో రెండుకు మించి వెనక్కి రావని నా అంచనా. దీనితో వేగం తేలిపోతుంది. ప్రకటనలు ఇంకా చిరాకు పెడుతుంటే అప్పుడు ఫైర్‌ఫాక్స్‌కి వెళ్లండి, అక్కడ సైటుకో డబ్బా, పూర్తి యూబ్లాక్ రెండూ దొరుకుతాయి. పాత తొమ్మిదినీ అక్కడికీ మోసుకెళ్తే మాత్రం వెళ్లి లాభం లేదు.

ఇవన్నీ చేశాక కూడా పది ట్యాబులకే అక్షరాలు ఆగి పడుతుంటే, విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ శాతం, డిస్కు శాతం పక్కపక్కన చూడండి. రెండూ పైకే అంటుకుని ఉంటే ఇక ఏ సెట్టింగ్ తిప్పినా లాభం లేదు. మీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ స్లాట్ ఖాళీ ఉందేమో చూసి ఇంకో 8 జీబీ వేయించండి.